అద్దె కొట్లనూ లెక్కలో రాయండి: పురపాలక మంత్రి గారికి గుంటూరు నుంచి బహిరంగ లేఖ

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులు పొంగూరు నారాయణ గారికి,

నమస్కారం.

మా గుంటూరు శంకర్ విలాస్ దగ్గర 1958 నాటి రైల్వే వంతెన తీసేసి కొత్తది కట్టే పనులు 2025లో మొదలయ్యాయి. మంజూరైంది రూ.98 కోట్లు. వంతెన కావాలా వద్దా అన్న చర్చ నాకొద్దు. కావాలి. పాత వంతెన మీద జనరల్ ఆస్పత్రికి పోయే అంబులెన్సు ఇరుక్కుపోయి సైరన్ మోగిస్తుంటే, దారివ్వడానికి చోటు లేక స్కూటర్ మీద బిక్కమొహం వేసుకుని కూర్చోని గుంటూరు మనిషి ఉండడు. నేను రాసేది ఆ అంచనాల్లో ఎక్కడా కనపడని మనుషుల గురించి. రోడ్డు మీద కొట్టు ఉండీ, ఆ కొట్టు సొంతం కాని వాళ్ల గురించి.

నాదీ అద్దె కొట్టే. మ్యాచింగ్ సెంటర్. లైనింగులు, ఫాల్స్, టూ బై టూ రూబియా. వంతెన పని జరిగే చోటికి కాస్త ఎడంగానే ఉంటాను కాబట్టి ఇది నా ఒక్కడి గోడు కాదు.

రోడ్డు వెడల్పు చేసినా, వంతెన కట్టినా ఊళ్లో మాటలన్నీ స్థలం చుట్టూనే తిరుగుతాయి. గజం ఎంత, నగదు ఇస్తారా, టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులు అదనంగా కట్టుకునే హక్కు పత్రం) ఇస్తారా, ఎవరు కోర్టుకెళ్లారు, స్టే వచ్చిందా. యజమాని చేతిలో దస్తావేజు ఉంది, అడగగలడు. కింద షట్టరు అద్దెకు తీసుకున్నవాడి దగ్గరుండేది పదకొండు నెలల అగ్రిమెంటు. చాలామందికి అదీ నోటరీ కాగితమే. కొందరికి నోటి మాటే. ముందు భాగం రెండు గజాలు పోతే యజమానికి బాండు వస్తుంది. మెట్లు, బోర్డు, గాజు షోకేసు పోయేది అద్దెదారుకి. వాటిని పెట్టించింది అతనే, మళ్లీ పెట్టించుకోవాల్సిందీ అతనే.

చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. 2013 భూసేకరణ చట్టం మూడో సెక్షన్‌లో ప్రభావిత కుటుంబం అంటే భూమి పోయినవాళ్లే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పని చేసుకుంటూ, దాని మీదే ప్రధానంగా బతికే అద్దెదారులూ అందులోకి వస్తారు. రెండో షెడ్యూలులో చిన్న వ్యాపారికి, స్వయం ఉపాధి మీద బతికేవాడికి ఒకేసారి ఇచ్చే సాయం రూ.25,000కు తగ్గకూడదని ఉంది. మరి మాకెందుకు రాదు? ఎందుకంటే బాండు ఇచ్చి స్థలం తీసుకుంటే అది ఈ చట్టం కింద సేకరణ కాదు, ఇద్దరి మధ్య ఒప్పందం. ఆ ఇద్దరిలో మేం లేం. ఇక స్థలం ఏమాత్రం పోకుండా, రోడ్డు మూసేయడం వల్ల బేరం పోయినవాడి సంగతైతే ఏ కాగితంలోనూ లేదు.

ఇది చెయ్యలేని పని కాదని మీ ప్రభుత్వమే నిరూపించింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఇంటింటికీ, కొట్టు కొట్టుకీ తిరిగి రాశారు. చిన్న కొట్లకు రూ.25,000 ఇచ్చారు. చిన్న పరిశ్రమలకు, వ్యాపార సంస్థలకు టర్నోవర్ చూసి, రూ.40 లక్షల లోపైతే రూ.50,000, కోటిన్నర దాకా లక్ష, ఆపైన లక్షన్నర అన్నారు. ఆ లెక్కల మీద అప్పట్లో ఫిర్యాదులూ వచ్చాయి, అది వేరే మాట. కానీ అప్పుడు చూసింది కొట్టు ఎవరి పేరున ఉందని కాదు, నష్టపోయింది ఎవరని. వరద చెప్పి రాదు. వంతెన టెండరు పిలిచి, అగ్రిమెంటు రాసుకుని, శంకుస్థాపన చేసుకుని మరీ వస్తుంది. చెప్పకుండా వచ్చినదానికి లెక్క తీయగలిగినప్పుడు, చెప్పి వచ్చేదానికి తీయలేమా?

దుమ్ము, ట్రాఫిక్ అంటే పై అధికారులకు చిన్న ఇబ్బందిగా అనిపిస్తుందేమో, ఒక్క ముక్క చెప్తాను. చీర అంచుకు బ్లౌజు గుడ్డ కలపాలంటే ట్యూబులైటు కింద కుదరదు. అక్కడ కలిసిన రంగు ఇంటికెళ్లాక వేరేగా కనిపిస్తుంది, మర్నాడు మొహాన కొట్టి పోతారు. అందుకే గుడ్డా చీరా పట్టుకుని గుమ్మంలోకొచ్చి ఎండ వెలుగులో చూపిస్తాం. కిందటిసారి మా వీధిలో కాలవ పనికి తవ్వి, గుమ్మానికి జానెడు దూరంలో రేకు నిలబెట్టారు. గుమ్మంలో వెలుతురు లేదు. లేత రంగు తాను విప్పితే సాయంత్రానికి మడత మీద బూడిదగీత పడేది; అది పూర్తి ధరకు అమ్ముడవదు. రోజూ వచ్చే ఆడవాళ్లు ఫోన్ చేసి, ‘బండి ఎక్కడ పెట్టాలి అన్నయ్యా’ అని అడిగేవాళ్లు. చెప్పడానికి నా దగ్గర చోటు లేదు. పని ఎప్పుడైపోతుందని అక్కడి మేస్త్రీనడిగితే ఇంజినీరుగారినడగమన్నాడు. ఆయన ఇంకో శాఖ పైపు మార్చాలన్నాడు. ఆ శాఖవాళ్లు మా దగ్గర ఫైలే లేదన్నారు. బేరం సగానికి పడ్డా అద్దె మాత్రం ఒకటో తారీఖున కట్టాల్సిందే.

గడువుల సంగతి మీకు కొత్త కాదు. 2014 నుంచి 2019 దాకా కూడా ఈ శాఖ మీరే చూశారు. విజయవాడలో కనకదుర్గ వంతెన పని 2015 డిసెంబరులో మొదలైంది. 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాలకే అయిపోతుందన్నారు. తెరిచింది 2020 అక్టోబరు 16న. మధ్యలో 2019లో ప్రభుత్వం మారింది, 2024లో మళ్లీ మీ ప్రభుత్వమే వచ్చింది. ఆ దారిలో కొట్లు పెట్టుకున్నవాళ్లలో ఎంతమంది నిలబడ్డారో ఏ నివేదికలోనూ దొరకదు, ఎవరూ రాయలేదు కనుక. మా గుంటూరు భూగర్భ డ్రైనేజీ రూ.900 కోట్లు పైబడిన పథకం. దాని పేరెత్తితే ఇక్కడ టీ బంకు దగ్గర నవ్వుతారు.

పన్ను విషయానికొస్తే, అద్దె విలువ మీద వేసే ఆస్తి పన్నును 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ మీదకు మార్చారు. అది మీరు చేసింది కాదు, తెలుసు. నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం దాకా వేసుకోవచ్చు, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదు. వినడానికి 15 శాతమే. రూ.10,000 పన్ను ప్రతి ఏడూ అంత చొప్పున పెరిగితే ఐదేళ్లకు రూ.20,000 దాటుతుంది. నన్ను ఇంకా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. పాత పద్ధతిలో వీధి దెబ్బతిని అద్దెలు పడితే పన్ను తగ్గించమని అడగడానికి ఓ ఆధారం ఉండేది. ఇప్పుడు చూసేది రిజిస్ట్రేషన్ విలువ. ముందు రోడ్డు మూసినా, తవ్వినా ఆ విలువ తగ్గదు, వంతెన వస్తుందంటే పెరుగుతుంది కూడా. యజమాని ఆ పెరిగింది తెచ్చి మా అద్దెలో కలుపుతాడు. ఆయన్ని అనడానికీ లేదు.

మీరొచ్చాక చెత్త పన్ను రద్దు చేశారు. మంచి పని. అలాగే ఇదీ చెయ్యండి: వ్యాపార వీధి మూసి చేసే ఏ పనికైనా టెండరుకు ముందే ఆ దారిలో కొట్లన్నీ, అద్దెవీ సొంతవీ, రాయించండి. కొత్తగా సర్వే అక్కర్లేదు. ట్రేడ్ లైసెన్సు ఫీజు ఏటా మా దగ్గర కట్టించుకుంటున్నారు, జాబితా మీ కంప్యూటర్లలోనే ఉంది. పని జరిగినన్నాళ్లూ ఆ ఫీజు వద్దనండి. గడువు దాటితే, దాటిన ప్రతి నెలకూ ఆ భవనానికి ఆస్తి పన్నులో తగ్గింపు ఇవ్వండి. అయితే ఆ మేరకు అద్దె తగ్గించినట్టు అద్దెదారు సంతకం పెడితేనే ఇవ్వండి, లేకపోతే అది మా దాకా రాదు. పని ఎవరు చేస్తున్నారు, ఎంతకు, ఏ తారీఖుకు ముగించాలి అన్నది ఆ రేకు మీదే తెలుగులో రాయించండి. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎలాగూ ఎవరూ అడగకముందే చెప్పమంటోంది.

డబ్బెక్కడిది అంటారు. రూ.98 కోట్ల పనిలో ఒక్క శాతం పక్కన పెడితే రూ.98 లక్షలు. భూసేకరణ చట్టంలోని రూ.25,000 చొప్పున చూసినా 392 కొట్లకు సరిపోతుంది.

శంకర్ విలాస్ నుంచే మొదలుపెట్టించండి. రెండు వైపులా కొట్లు రాయడం వార్డు సచివాలయం సిబ్బందికి పెద్ద పనేం కాదు. శ్రావణం సరుకు కోసం మేం అప్పు తెచ్చి విజయవాడ వస్త్రలత టోకు గుడ్డల మార్కెట్‌కు వెళ్లేది ఆషాఢంలో. ఏ నెలకు ఏ వైపు రోడ్డు తెరుస్తారో అంతకుముందే చెప్పిస్తే, ఎన్ని తాన్లు దించుకోవాలో చూసుకుంటాం.

ఇట్లు,
ఒక మ్యాచింగ్ సెంటర్ అద్దెదారు,
గుంటూరు