లాన్ కాంట్రాక్టరు మిషన్ పట్టాలా, లెక్కలు చూసుకోవాలా?

సంపాదకులకు,

అయ్యా,

చిన్న వ్యాపారాల నిర్వహణపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, పని తెలిసిన మనుషుల్ని పెట్టుకున్న యజమాని ఎంత త్వరగా పనిముట్టు కింద పెడితే వ్యాపారం అంత త్వరగా ఎదుగుతుందని రాశారు. హైదరాబాద్ పడమటి శివార్లలో గేటెడ్ కమ్యూనిటీలకు, కొన్ని ఆఫీసు ప్రాంగణాలకు లాన్, మొక్కల నిర్వహణ కాంట్రాక్టు చేస్తున్న నాకు ఈ సలహా సగం వరకే నచ్చింది. యజమాని రోజంతా గడ్డి కోసే మిషన్ తోస్తూ తిరిగితే వ్యాపారం నిలవదన్నది నిజమే. కానీ మా పనిలో మిషన్‌ను పూర్తిగా మరిచిపోయిన యజమాని వేసే ధర తప్పుతుంది, ఆ తప్పుకు మూల్యం చెల్లించేది కూలీలు. ఈ రెండో సగం ఆ వ్యాసంలో లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఒప్పందాలు చాలావరకు నెలకు ఇంత అని ఏడాదికి కుదురుతాయి. పని మాత్రం ఏ రెండు నెలలూ ఒకేలా ఉండదు. జూలై నుంచి సెప్టెంబరు వరకు గరిక జాతి లాన్‌ను వారానికోసారి కోయకపోతే చేయి దాటిపోతుంది. డిసెంబరు, జనవరి చలిలో అదే లాన్‌ను మూడు వారాలకోసారి కోసినా సరిపోతుంది. 21 అంగుళాల పెట్రోల్ మిషన్‌తో, పొడిగా సమంగా ఉన్న ఎకరం పచ్చికను చేయి తిరిగిన మనిషి మూడు గంటల్లో ముగిస్తాడు. వాన కురిసిన మర్నాడు అదే ఎకరంలో తడి గడ్డి మిషన్ అడుగున ముద్దకడుతుంది. నాలుగైదు వరసలకోసారి ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, మిషన్‌ను పక్కకు వంచి, కర్రతో గీకి ఆ ముద్దను తీయాలి కాబట్టి ఆరు గంటలు పట్టినా ఆశ్చర్యపడనక్కర్లేదు. ఈ తేడా చేతులకు తెలిసినవాడు ఆగస్టును దృష్టిలో పెట్టుకుని ధర వేస్తాడు. తెలియనివాడు మార్చిలో ఒకసారి సైటు చుట్టూ తిరిగి, ఫోన్‌లో మ్యాప్ తెరిచి విస్తీర్ణం కొలిచి, పోటీదారుకంటే రెండు మూడు వేలు తగ్గించి కొటేషన్ ఇచ్చేస్తాడు. వానాకాలం వచ్చేసరికి ఆ తగ్గించిన సొమ్ము ఎక్కడినుంచో రావాలి కదా. నలుగురు చేయాల్సిన పనిలో ముగ్గురే కనిపిస్తారు, వారపు సెలవు మాయమవుతుంది, జీతం పదో తారీఖు దాటుతుంది.

అన్నిటికంటే ముందు కోతపడేది కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐకి. పది మంది, అంతకుమించి పనివాళ్లున్న సంస్థకు అది తప్పనిసరి. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. అంటే 15,000 రూపాయల జీతానికి యజమాని నెలకు కట్టేది 488 రూపాయలు. భుజానికి తగిలించుకుని గడ్డి కొట్టే బ్రష్ కట్టర్ తీగ తగిలి ఎగిరిన కంకరరాయి కంటికి తగిలిన కుర్రాడి ఇంట్లోవాళ్లను అడిగితే ఆ 488 రూపాయల విలువ చెబుతారు.

ఇక రెండో వైపు. మా వృత్తిలో చాలామంది మాలిగా మొదలై కాంట్రాక్టరైనవాళ్లే, వాళ్లకు మిషన్ వదలడం ప్రాణం మీదికి వస్తుంది. తన చేతిమీదుగా జరిగితేనే పని బాగుంటుందన్న నమ్మకం అందుకు ఒక కారణం. ఇంకొక మనిషి కూలి మిగులుతుందన్న లెక్క మరో కారణం. ఆ కూలి మిగిలిన నెలలోనే నివాసితుల అసోసియేషన్ కోశాధికారి దగ్గర రెండు నెలల బిల్లు ఆగిపోయి ఉంటుంది, దాన్ని అడిగి తెచ్చే తీరిక మిషన్ తోస్తున్న యజమానికి ఉండదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. యజమాని రోజూ పక్కనే ఉంటే ముఠాలో మేస్త్రి తయారు కాడు. స్ప్రింక్లర్ మూత విరిగినా, మిషన్‌లో ఆయిల్ తగ్గినా ఆయన వచ్చి చెప్పేదాకా ఎవరూ కదలరు. ఆయన ఒక పెళ్లికి ఊరెళితే మూడు సైట్లలో పని ఆగిపోతుంది.

కాబట్టి యజమాని సైటులో ఉండాలా వద్దా అన్నది కాదు, ఏ పనికి ఉండాలన్నదే తేల్చుకోవలసిన విషయం. కొత్త సైటులో మొదటి రెండు కోతలు యజమాని స్వయంగా చేయాలని, లేదా కోసేవాడి వెంట చివరిదాకా నడవాలని నా అభిప్రాయం. మ్యాన్‌హోల్ మూతలు ఎక్కడ గడ్డిలో దాగి ఉన్నాయో, ఏ మూల నీరు నిలుస్తుందో, పిల్లలు ఏ వేళకు ఆడుకోవడానికి వస్తారో అప్పుడే తెలుస్తుంది, కొటేషన్ సరిపోతుందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత రోజువారీ కోత, అంచుల కత్తిరింపు, నీళ్లు మేస్త్రికి అప్పగించాలి, అప్పగించాక మధ్యలో తలదూర్చకూడదు. కడియం నర్సరీల నుంచి లాన్ షీట్లు లారీలో దిగే రోజు మాత్రం మళ్లీ రావాలి, ఎందుకంటే ఆ షీట్లు దొంతరలుగా ఒక రోజుకు మించి ఉంటే లోపలి వేడికి పసుపు రంగుకు తిరుగుతాయి, కాబట్టి ఆ రాత్రికి అదనపు మనుషుల్ని పిలవాలా వద్దా అన్న ఖర్చు నిర్ణయం మేస్త్రి తీసుకోలేడు.

ఫిర్యాదు వచ్చినప్పుడు కూడా యజమానే రావాలి. కోసిన మర్నాటికి లాన్ అంతా కొసలు ఎండి గోధుమరంగుకు తిరిగిందని, మనుషులు నీళ్లు సరిగా పెట్టడం లేదని కమిటీవాళ్లు తరచుగా అంటారు. సూపర్‌వైజర్ భయపడి రెండు పూటలా నీళ్లు పెట్టిస్తాడు, దాంతో బూజు తెగులు మొదలవుతుంది. మోకాళ్ల మీద కూర్చుని ఒక పరక తుంచి చూస్తే సంగతి వేరే. పదునైన బ్లేడు కోసిన కొస గీత గీసినట్టు ఉంటుంది. మొద్దుబారిన బ్లేడు కొసను కోయకుండా చీలుస్తుంది, ఆ పీచులే ఎండిపోయి దూరానికి గోధుమరంగులో కనబడతాయి. బ్లేడుకు ఆకురాయి పట్టిస్తే తీరిపోయే సమస్యకు ఒక మాలి ఉద్యోగం పోయిన సందర్భాలు నాకు తెలుసు.

తుంగ విషయంలో మా ఆడవాళ్లు పడే మాటలు ఇంకా అన్యాయం. కలుపు తీసేది దాదాపు అన్ని సైట్లలో ఆడవాళ్లే, వాళ్ల కూలి మగవాళ్లకంటే తక్కువగా ఉండటం మా రంగానికి ఉన్న మచ్చ. వాళ్లు ఉదయమంతా వంగి తుంగను పీకుతారు, పది పన్నెండు రోజుల్లో అది మళ్లీ నిలబడుతుంది, పని సరిగా చేయలేదని నివాసితులు ఫొటోలు తీసి గ్రూపులో పెడతారు. తుంగ గడ్డలు నేలలో ఒకదానికొకటి గొలుసులా ఉంటాయి. పైన ఆకు పీకితే గొలుసు తెగి మిగిలిన గడ్డలు విడివిడిగా మొలుస్తాయి. దానికి వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ వంటి మందు ఆకు ద్వారా గడ్డలోకి దిగాలి కాబట్టి, కొట్టే ముందు కొన్నాళ్లు ఆకును పెరగనివ్వాలి. అంటే కొన్నాళ్లు లాన్ అందవికారంగానే ఉంటుంది. ఈ మాట కమిటీ ముందు నిలబడి చెప్పగలిగేది యజమాని ఒక్కడే. మందు కొలత, చేతి తొడుగులు, పిల్లలు లాన్‌లోకి రాకుండా కట్టే తాడు కూడా ఆయన బాధ్యతే.

ఎండాకాలం వేళల గురించీ ఇదే చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మరణించినవారి కుటుంబానికి పరిహారాన్ని 50,000 రూపాయల నుంచి 4 లక్షలకు పెంచింది. ప్రమాదం ఎంతటిదో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఏప్రిల్, మే నెలల్లో మా పని ఉదయం ఆరుకు మొదలై పదికల్లా ఆగాలి. కానీ ఎనిమిది దాటేదాకా మిషన్ చప్పుడు వినిపించకూడదని అనేక కమ్యూనిటీల్లో నియమం. నిద్ర చెడుతుందన్న నివాసితుల బాధ అర్థం చేసుకోదగినదే. అయితే ఆ నియమం వల్ల మిషన్ మనిషి మిట్టమధ్యాహ్నం నలభై డిగ్రీల్లో, ఇంజను వేడిని కూడా ముందు పెట్టుకుని నడుస్తాడు. మేస్త్రి ఈ మాట ఎత్తితే గేటు బయటికి పంపుతారు. యజమాని ఒప్పందం రాసుకునే రోజే ఎత్తాలి: ఎండాకాలంలో ఆరు నుంచి ఎనిమిది వరకు చేత్తో చేసే కలుపు, నీళ్లు, ఎండుటాకుల ఊడ్పు, ఎనిమిది నుంచి పది వరకు మిషన్లు, మిగిలింది సాయంత్రం ఐదు తర్వాత. నేను చేసుకున్న ఒప్పందాల్లో ఈ షరతు పెట్టాను. ఒకటి రెండు కమిటీలు ఒప్పుకోక వేరేవారికి ఇచ్చుకున్నాయి, మిగతావి ఒప్పుకున్నాయి.

ఈ ఉత్తరం చదివే అసోసియేషన్ సభ్యులకు ఒక విన్నపం. కొటేషన్లు పిలిచినప్పుడు నెల మొత్తంతో పాటు ఏ నెలలో ఎంతమంది వస్తారు, ఎన్ని కోతలు కోస్తారు, కూలి ఎంత, ఈఎస్‌ఐ, పీఎఫ్ ఎంత అన్నది విడిగా రాసిమ్మని అడగండి. ఆ కాగితం రాయలేనివాడు మీ లాన్ మీద ఎప్పుడూ నడవలేదని అర్థం. ఆగస్టు నెల వరసలో మనుషుల సంఖ్య జనవరిలో ఉన్నంతే రాసి ఉంటే, మిగిలిన పని ఎవరు చేస్తారో ఆయన్నే ఎదురుగా కూర్చోబెట్టి అడగండి.

ఇట్లు,
ఒక లాన్ నిర్వహణ కాంట్రాక్టరు,
నార్సింగి, హైదరాబాద్