గన్నవరం నుంచి ‘అరగంట’ లెక్క సరిచేయండి

సంపాదకుడు గారికి,

విజయవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయం నుంచి ఏ ఊరికి ఎంత దూరం, విమానంలో ఎంతసేపు అని ప్రకటనల్లోనూ పత్రికల్లోనూ వచ్చే పట్టికలు చాలావరకు మ్యాపు మీద సూటి గీత కొలిచి, వేగంతో భాగించి వేసినవే. హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్‌కు సూటి దూరం దాదాపు 265 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్ (రెక్కల మీద పంకాలుండే చిన్న విమానం)కు లెక్క ప్రకారం 32 నిమిషాలు. టికెట్ మీద చూస్తే గంటకు అటూ ఇటూగా ఉంటుంది. కొన్ని పట్టికల్లో దూరమే తప్పు. ఇదే దూరాన్ని విమానాల లెక్కలో 143 నాటికల్ మైళ్లంటారు, వాటిని మామూలు మైళ్లనుకుంటే 230 కిలోమీటర్లే వస్తుంది. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు.

టికెట్‌లో బయలుదేరే సమయమంటే చక్రాలు నేల వదిలే క్షణం కాదు, విమానం ఆగి ఉన్న చోటు నుంచి కదిలే సమయం. చేరే సమయమూ అంతే, అవతల నిలిపే చోట ఆగేదాకా. గన్నవరం రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. తూర్పు గాలి ఉన్న రోజున విమానం గాలికి ఎదురుగా తూర్పుకే లేచి, తర్వాత హైదరాబాద్ వైపు మళ్లాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు. ఇంత పొట్టి ప్రయాణంలో పెద్ద వాటా ఆ రెండిటిదే. శంషాబాద్‌లో దిగాల్సిన విమానాలు వరసలో ఉంటే మరికొంతసేపు. ఢిల్లీ సూటిగా 1,390 కిలోమీటర్లు కాబట్టి ఇలా అదనంగా పట్టే అరగంట అక్కడ పెద్దగా కనిపించదు. హైదరాబాద్‌కు వచ్చేసరికి లెక్కనే రెట్టింపు చేస్తుంది. ముంబయికి శీతాకాలంలో ఎదురుగాలి ఉంటుంది, పోయేటప్పటికంటే వచ్చేటప్పుడే త్వరగా వస్తారు.

ఇక గుంటూరు వాళ్ల సంగతి. కాజ టోల్‌గేటు, వారధి, బెంజిసర్కిల్, రామవరప్పాడు రింగు దాటి గన్నవరం చేరడానికి గంటన్నర చేతిలో ఉంచుకోవాలి. చెక్-ఇన్ కౌంటర్లు చాలా సంస్థలవి గంట ముందే మూస్తారు, కాబట్టి కనీసం గంటన్నర ముందు అక్కడుండాలి. విమానం ఒక గంట, లగేజీకి అరగంట, శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు ఇంకో గంట. మొత్తం ఐదున్నర. నల్లగొండ మీదుగా వెళ్లే వందే భారత్ గుంటూరు నుంచి సికింద్రాబాద్‌కు సుమారు 4 గంటల్లో చేరుస్తుంది! శంషాబాద్‌లో విమానం మారేవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్లకు గన్నవరమే మేలు.

అందుచేత మీ పత్రికలోనైనా పట్టిక వేసేటప్పుడు సూటి దూరం పక్కనే టికెట్‌లోని పూర్తి సమయం, కౌంటర్ మూసే సమయం వేయండి. డిసెంబరు, జనవరిల్లో ఉదయం విమానాలకు పొగమంచు గుర్తు కూడా పెట్టండి. రన్‌వే కనిపించకపోతే పైలట్ కొంతసేపు గాల్లో తిరిగి చూస్తాడు, అప్పటికీ తెరిపి ఇవ్వకపోతే విమానాన్ని వేరే ఊరికి మళ్లిస్తారు. ఆ రోజు ఏ పట్టికా పనికిరాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు