హార్బర్‌లో చద్దన్నం పెట్టిన అమ్మకి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేట బంద్. అలా కట్టేసిన బోట్లని ఫొటోలు తీద్దామనే మొన్న మే నెలలో తెల్లారకుండా విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వచ్చాను. ఎండెక్కేసరికి కళ్లు తిరిగి కూలబడ్డాను.

బోటు నీడలో కూర్చున్న మీరు "ఏటి బాబూ, ఏటీ తిన్లేదేటి?" అంటూ మీ సత్తుగిన్నె నా ముందుకు జరిపారు. చద్దన్నం, పుల్లమజ్జిగ, చితక్కొట్టిన ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండునెత్తళ్లు. ఎన్ని ఊళ్లు తిరిగానో, ఆ రుచి మరెక్కడా తగల్లేదు. వేట లేని రోజుల్లో అది మీ పూటకూడని తర్వాత గానీ తట్టలేదు నాకు.

డబ్బిస్తే ముట్టలేదు. "మళ్లీ వచ్చినప్పుడు అగుపడు" అన్నారు, అంతే.

మీ పేరు అడగలేదు, ఫొటో తియ్యలేదు. బోట్లు కదిలే రోజుకి వస్తానమ్మా.