సంస్కృతి పేరిట ప్రశ్నలను ఆపవద్దు

సంపాదకులకు నమస్కారం.

నాయకులు సంస్కృతి గురించి మాట్లాడినప్పుడల్లా ఉత్సవాలు, విగ్రహాలు, వేదికల మీది నృత్యాలే వార్తలకెక్కుతాయి. రాజకీయాలకు అసలు ఆధారమైన సంస్కృతి మాత్రం నిత్యజీవితంలోనే ఉందని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరి మాటకు ఎదురు చెప్పవచ్చు, ఎవరు వస్తే ఎవరు లేచి నిలబడాలి, ఎవరిని ఏకవచనంతో పిలిచినా చెల్లుతుంది అన్న సంగతులు ఏ చట్టంలోనూ రాసి ఉండవు. అయినా చిన్ననాడే అలవడి, ఓటు వేసేటప్పుడూ, అధికారి ఎదుట అర్జీ పట్టుకుని నిలబడినప్పుడూ మన నడవడిని అవే నిర్ణయిస్తాయి.

ముస్సోలినీ పాలనలో ఖైదీగా ఉన్న ఇటలీ ఆలోచనాపరుడు ఆంటోనియో గ్రాంసీ 1929 నుంచి 1935 వరకు రాసుకున్న నోటుపుస్తకాల్లో దీన్ని లోతుగా చర్చించారు. పాలకవర్గం కేవలం బలప్రయోగంతో నిలవదనీ, బడి, పత్రిక, ప్రార్థనా మందిరం వంటి చోట్ల జనం సమ్మతిని కూడగట్టుకుంటుందనీ ఆయన వివరించారు. ఆయన మార్క్సిస్టు కావచ్చు గానీ, ఈ కిటుకు అన్ని పక్షాలకూ తెలుసు; ప్రభుత్వం మారగానే పాఠ్యపుస్తకాల మీదా, వీధుల పేర్ల మీదా కొత్తవారి చూపు పడేది అందుకే.

సంస్కృతి రాజకీయాల్లోకి రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. నా అభ్యంతరమల్లా దాన్ని ప్రశ్నలకు అడ్డుగోడగా నిలపడం మీదే. ఆస్తిలో వాటా అడిగిన స్త్రీకి ‘ఇది మన సంస్కృతి కాదు’ అని జవాబిచ్చేవారు సాధారణంగా ఆ ఆస్తిని అనుభవిస్తున్నవారే అయి ఉంటారు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 27వ అధికరణం సాంస్కృతిక జీవితంలో స్వేచ్ఛగా పాల్గొనే హక్కును ప్రతి ఒక్కరికీ గుర్తించింది. ఆచారాన్ని మార్చమని అడగడం కూడా అలా పాల్గొనడంలో భాగమే. ఆచారాలు, కళలు, చేతిపనుల వంటి సజీవ వారసత్వ పరిరక్షణ కోసం యునెస్కో 2003లో ఆమోదించిన ఒడంబడిక ఇంకా స్పష్టంగా ఉంది. సమూహాలు తమ వారసత్వాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా సృష్టించుకుంటాయని చెబుతూనే, మానవ హక్కుల ఒప్పందాలతో పొసిగే వారసత్వాన్నే పరిగణనలోకి తీసుకుంటామని అది షరతు పెట్టింది. పరిరక్షణ కోసం పుట్టిన పత్రమే ఈ హద్దు గీసుకుందన్న సంగతి మన చర్చల్లో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. ఏ నాయకుడైనా ఒక ఆచారాన్ని సంస్కృతి పేరిట సమర్థించిన రోజున, ఆ ఆచారపు భారం మోస్తున్నవారి మాటనూ అదే వార్తలో, అదే పేజీలో అచ్చు వేయండి. దాన్ని మానుకున్న కుటుంబాలు ఉంటే, ఎందుకు మానుకున్నారో వారినీ అడిగి రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు