పెట్టె పోయింది, డిస్కు మిగిలింది

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

బావా,

మధ్యాహ్నం నువ్వు మూడుసార్లు ఫోను చేశావు, నేను ఎత్తలేదు. కోపం తెచ్చుకోకు. అప్పుడు నా చేతివేళ్ల మధ్య గోరంత టేపు ముక్క ఉంది. అది జారిపడితే మళ్లీ వెతకడానికి నా కళ్లు చాలవు.

ఫోనులో చెబితే సగం వినకముందే “సరే సరే, అర్థమైంది” అంటావు. ఆ రాత్రే నీ పాత 3 టెరాబైట్ల డ్రైవును విప్పి కూర్చుంటావు. అందుకే కాగితం తీశాను. నీ డ్రైవు సంగతి చివర్లో వస్తుంది, అక్కడిదాకా ఓపిక పట్టు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై మన ఊరు అటు చేరినప్పుడు గిడుగు రామమూర్తి గారు రాజమండ్రికి తరలివెళ్లారు. ఆయన భాష కోసం వెళ్లారు, నువ్వు బదిలీ కాగితం చూపించి వెళ్లావు. ఇద్దరూ వెళ్లింది మాత్రం ఆ గోదావరి గట్టుకే. ఇక్కడ ఇలాంటి ముచ్చట్లు చెప్పుకోవడానికి నాకు మనిషి లేడు.

మా స్టూడియోలో పెళ్లిళ్లన్నీ దాచే నల్లపెట్టె గుర్తుందా? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పాత డ్రైవు తడిసిపోయాక కొన్న 8 టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. పోయిన వారం కాశీనగరం పెళ్లివారి ఫోటోలు అందులోంచి కంప్యూటర్లోకి తీస్తుంటే ఉన్నట్టుండి తెరమీద మాయమైంది. తీగ కదిపితే వస్తుంది, వదిలితే పోతుంది. మర్నాటికి కదిపినా రాలేదు. పెళ్లికూతురి మేనమామ రోజూ సాయంత్రం ఫోను చేసి “బాబూ, ఆల్బం ఎంతవరకు వచ్చింది?” అని అడగడం, “లామినేషన్‌లో ఉందండీ” అని నేను అబద్ధమాడడం. అలా నాలుగు రోజులు గడిచాయి.

బరంపురంలో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. అతను పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి (హార్డ్ డిస్కును ఎవరైనా ఊపుతారా బావా, అదేమైనా కొబ్బరికాయా?) “డిస్కు పోయింది, డేటా తీయాలంటే పద్దెనిమిది వేలు” అన్నాడు. తిరిగొచ్చే బస్సులో ఆలోచించాను. అడాప్టరు పెడితే లోపల తిరుగుతున్న చప్పుడు సన్నగా, నిలకడగా వినిపిస్తోంది. పాడైన డిస్కులా టిక్కుటిక్కుమని కొట్టుకోవడం లేదు. అలాంటప్పుడు పోయింది డిస్కే అని ఎందుకు అనుకోవాలి?

ఈ పెట్టెల్లో ఉండేది మామూలు కంప్యూటర్ డిస్కే. దాని సాటా కనెక్టర్‌కు (డిస్కును కంప్యూటర్ లోపల తగిలించే మామూలు రకం) ఒక చిన్న బోర్డు తగిలించి, ఆ బోర్డుకు యూఎస్‌బీ రంధ్రం పెడతారు. చాలాసార్లు వదులయ్యేది ఆ రంధ్రం, చచ్చేది ఆ బోర్డు. డిస్కుకు ఏమీ కాకపోవచ్చు. అయితే ఈ మాట గోడకు పెట్టే అడాప్టరుతో నడిచే పెద్ద పెట్టెలకే. జేబులో పట్టే చిన్నవాటిలో కొన్నింటికి యూఎస్‌బీ రంధ్రం డిస్కు సొంత బోర్డు మీదే అతికి ఉంటుంది, లోపల సాటా అన్నదే ఉండదు. విప్పినా లాభం లేదు.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. ఒక్క స్క్రూ కూడా పైకి కనబడదు, అంతా ప్లాస్టిక్ కొక్కేలే. గడువు తీరిన ఏటీఎం కార్డులు మూడు అంచులో దూర్చి, ఒక్కొక్కటే జరుపుకుంటూ వచ్చాను. ప్రతి కొక్కెం టప్పుమన్నప్పుడల్లా మా అమ్మ వంటింట్లోంచి “ఏం విరిచావురా?” అంది. రెండు విరిగాయి, నిజమే. వారంటీ ఎలాగూ ఎప్పుడో తీరిపోయింది.

డిస్కును కంప్యూటర్లో పెట్టి, సాటా తీగ, కరెంటు తీగ తగిలించి స్విచ్చి వేశాను. చప్పుడు లేదు. చేయి పెట్టి చూశాను, వణుకు కూడా లేదు. పెట్టెలో శుభ్రంగా తిరిగిన డిస్కు కంప్యూటర్లోకి రాగానే రాయిలా పడి ఉంది. బరంపురం మనిషి చెప్పిందే నిజమేమో అనిపించింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెల్లవారాక తెలిసింది అసలు కథ. సాటా కరెంటు కనెక్టర్‌లో 15 పిన్నులుంటాయి. మొదటి మూడూ ఒకప్పుడు 3.3 వోల్టులకు కేటాయించినవి. మన డిస్కులు వాటిని వాడుకునేవి కావు. తరువాత వచ్చిన నిబంధనల్లో మూడో పిన్నుకు కొత్త పని అప్పగించారు: దానిమీదికి కరెంటు వస్తే డిస్కు ఆగిపోవాలి. వందల డిస్కులున్న పెద్ద సర్వర్లలో, మొరాయించిన డిస్కును మనిషి వెళ్లకుండా ఆపి మళ్లీ లేపడానికి ఆ ఏర్పాటు. నా కంప్యూటర్ పవర్ సప్లై పాతది. దానికి ఈ సంగతి తెలియదు, ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు పంపిస్తూనే ఉంటుంది. డిస్కేమో “ఆగమన్నారు కదా” అని బుద్ధిగా ఆగి ఉంది. పాపం, చెప్పిన మాట విన్నందుకు దాన్ని రాత్రంతా తిట్టుకున్నాను.

మందు చాలా చిన్నది. ఆ పిన్నుకు కరెంటు తగలకుండా వేడికి కరగని టేపు అంటించాలి. సెల్‌ఫోను బాగుచేసేవాళ్ల దగ్గర ఉంటుంది చూడు, తేనెరంగులో పలుచగా, కాప్టన్ అంటారు. మహేంద్రతనయ వంతెన దాటి పాతపట్నంలో మనకు తెలిసిన కుర్రాడి కొట్టుకు వెళ్లాను.

“ఎంత కావాలన్నా?”

“అగ్గిపుల్ల తలంత.”

వాడు నా ముఖంలోకి చూసి జానెడు చించి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. మూడో పిన్ను ఒక్కదాన్నే మూయడం నా వల్ల కాక, డేటా కనెక్టర్ పక్కనుంచి లెక్కపెట్టి మొదటి మూడింటినీ కలిపి మూసేశాను. 3.3 వోల్టులతో ఆ డిస్కుకు పనే లేదు కాబట్టి నష్టం లేదు. పాత నాలుగు పిన్నుల తీగనుంచి సాటాకు మార్చే తీగ వాడినా ఇదే ఫలితం, దానిలో 3.3 వోల్టుల తీగే ఉండదు. కానీ ప్లాస్టిక్ కరిగించి అచ్చుపోసిన చవక రకాలు లోపల షార్టయి కాలిపోతాయి, వాటి జోలికి పోకు.

స్విచ్చి వేశాను. సన్నగా ఊళ వేసి తిరిగింది బావా! ఫోల్డర్లన్నీ వరుసగా వచ్చాయి. కాశీనగరం పెళ్లి, నీ పెళ్లి, అందులో నువ్వు మూతి ముడుచుకుని నిలబడ్డ ఫోటో. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో చూస్తే పాడైన సెక్టార్ల (డిస్కు మీద డేటా రాసే చిన్న గళ్లు) లెక్క సున్నా. అన్నీ ముందు వేరే డ్రైవులోకి ఎక్కించాకే అన్నం తిన్నాను. నా పాత కంప్యూటర్ యూఎస్‌బీ 2 రకం కదా, సెకనుకు 40 మెగాబైట్లు వస్తే గొప్ప. 100 గిగాబైట్ల పెళ్లి తీయాలంటే ముప్పావు గంట కూర్చునేవాణ్ని. ఇప్పుడు పది పన్నెండు నిమిషాలు.

ఇక నీ 3 టెరాబైట్ల డ్రైవు. వెంటనే విప్పకు, దాని పెట్టె పనిచేస్తుండగానే ముందు అందులోదంతా వేరేచోటికి కాపీ చెయ్యి. ఎందుకంటే పాత పద్ధతి పార్టిషన్ పట్టికలో (డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో రాసుకునే పట్టిక) సుమారు 429 కోట్ల సెక్టార్లకు మించి లెక్క పట్టదు. ఒక్కో సెక్టారు 512 బైట్లయితే 2.2 టెరాబైట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ కాలపు పెట్టెల్లో కొన్నింటి బోర్డు ఉపాయంగా ఎనిమిదేసి సెక్టార్లను ఒకటిగా కట్టి, 4096 బైట్ల సెక్టారని కంప్యూటర్‌కు చూపించేది. ఆ బోర్డు తీసేస్తే డిస్కు మళ్లీ 512 అంటుంది, పట్టిక తప్పుతుంది, డ్రైవు ఖాళీ అన్నట్టు కనబడుతుంది. “ఇనిషియలైజ్ చేయమంటారా?”, అంటే కొత్త పట్టిక రాయమంటారా అని విండోస్ మర్యాదగా అడుగుతుంది. నువ్వు మర్యాదగా వద్దను. ఇంకొన్ని పెట్టెలైతే నువ్వు పాస్‌వర్డు పెట్టకపోయినా బోర్డులోనే అక్షరాలన్నీ గుప్తంగా మార్చి రాస్తాయి. వాటిలో బోర్డు పోతే డేటాకు తాళంచెవి పోయినట్టే. కాపీ అయ్యాక విప్పు, కంప్యూటర్లో పెట్టి కొత్తగా జీపీటీ పద్ధతిలో (ఆ 2.2 టెరాబైట్ల హద్దు లేని కొత్త రకం పట్టిక) ఫార్మాట్ చేసుకో, హాయిగా వాడుకో.

మిగిలిన 12 వోల్టుల అడాప్టరు మా రౌటరుకు సరిపోయింది, వోల్టులు, ఆంపియర్లు రెండింటి మీదా చూసే పెట్టానులే. డిస్కు చుట్టూ ఉండే నాలుగు రబ్బరు ముక్కలను అమ్మ తీసుకుని మిక్సీ కాళ్లకింద పెట్టింది. ఇప్పుడది గట్టుమీద నడవడం లేదట. నీ డ్రైవు విప్పినప్పుడు ఆ ముక్కలు పారేయవద్దని చెల్లెమ్మకు మరీ మరీ చెప్పమంది. గ్రైండరుకు ఇంకో నాలుగు కావాలట.

ఇట్లు,
నీ బావ