క్రోధి నామ సంవత్సర వార్షిక నివేదిక: మహారాష్ట్ర బల్లార్షాలోని మన తెలుగు సంఘ సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ 9 ఉగాది మొదలు 2025 మార్చి 30 ఉగాది దాకా మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదివి వినిపిస్తారు. పంచాంగ శ్రవణం, వినాయక చవితికి మట్టి విగ్రహం, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. గ్రంథాలయంలో చెదలు తిన్న రెండు అరలను మార్చాం. ఎవరు మార్చారో ముందు ముందు చెబుతాను.

ఈసారి నివేదికలో ఎక్కువ చోటు ఒకే పనికి ఇస్తున్నాను. జూలై నుంచి అక్టోబరు దాకా ఆదివారాలు మన హాలు వెనుక రేకుల షెడ్డులో నడిచిన వడ్రంగం తరగతి అది. ఉపాధి కోసం పెట్టింది కాదు. చేత్తో ఒక వస్తువు చేయాలన్న కోరిక ఉండి, ఎన్నడూ ఉలి పట్టని వాళ్ల కోసం పెట్టింది. పద్నాలుగు మంది చేరారు, తొమ్మిది మంది చివరిదాకా నిలిచారు. వారిలో నలుగురు మహిళలు. కార్యదర్శిగా పర్యవేక్షిస్తే చాలని మొదట అనుకున్నాను కానీ, రెండో ఆదివారానికే నా పేరూ రాయించుకున్నాను.

మనది టేకు ఊరు. 1929లో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు మార్గం పూర్తయి ఢిల్లీ, మద్రాసు నేరుగా కలిశాయి. మన పెద్దల్లో ఎందరో ఆ రైలునో, బొగ్గునో, కాగితం మిల్లునో, కలప డిపోనో నమ్ముకుని ఇక్కడికి వచ్చి స్థిరపడినవారే. గడ్చిరోలి జిల్లా ఆలాపల్లి అడవుల టేకుకు దేశమంతటా పేరుంది. 2023 మార్చిలో అయోధ్య రామాలయం పనికి కలప వెళ్లింది మన ఊరి నుంచే. ఇంత కలప మధ్య బతుకుతూ, ఇంట్లో కుర్చీ కాలు ఊగితే దాన్ని వీధిలో పెట్టి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుంటున్నాం. ఇది నన్ను చాలా ఏళ్లుగా బాధిస్తున్న విషయం.

నేర్పిన మేస్త్రి గారు మనలో ఒకరే. డెబ్బై దాటిన వయసు. తండ్రి మంచిర్యాల వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చారట. పేరు రాయవద్దని ఆయనే అన్నారు కనుక రాయడం లేదు. మొదటి ఆదివారం ఆయన కర్ర ముట్టుకోనివ్వలేదు. గోనెపట్టా మీద పనిముట్లు పరిచి ఒక్కొక్కదాని పేరు అడిగారు. మరాఠీ బడిలో చదివే పిల్లలు కరవత్, రంధా, పటాశీ, వాకస్ అని గడగడా చెప్పారు. రంపం, చిత్రిక (కర్రను నునుపు చేసేది), ఉలి, బాడిస (కర్రను చెక్కే చిన్న గొడ్డలి లాంటిది) అన్న మాటలు వారి నోట రాలేదు. పెద్దవాళ్లలోనూ సగం మందికి బాడిస తెలియదు. మేస్త్రి గారు మరాఠీ పేరును తప్పు పట్టకుండా దాని పక్కన తెలుగు పేరు కూర్చి రెండూ పలికించారు. ఆ రోజు నుంచి షెడ్డు గోడ మీద రెండు పేర్ల పట్టిక ఉంది. భాష కోసం మనం పెట్టిన సభలన్నింటి కంటే ఆ పట్టికే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం.

రెండు వారాలు పదును పెట్టడానికే పోయాయి. కొందరికి విసుగు వచ్చింది, మానేసిన ఐదుగురిలో ముగ్గురు అప్పుడే మానేశారు. కానీ టేకులో ఇసుక లాంటి గట్టి పదార్థం ఉంటుంది, అది పనిముట్ల అంచును త్వరగా మొద్దుబారుస్తుంది. పదును పెట్టడం రాకపోతే ఈ కర్రతో పనే లేదు. మేస్త్రి గారు కోణమానిని వాడరు. ఉలి వాలు పొడవు దాని మందానికి రెండింతలు ఉంటే చాలంటారు. లెక్క వేసి చూస్తే అది సరిగ్గా 30 డిగ్రీలే. సానరాయి మీద కొంతసేపు రుద్దాక ఉలి వీపు, అంటే వాలు లేని చదునైన వైపు, బొటనవేలు మెల్లగా జరిపితే సన్నని గరుకు తగులుతుంది. అది అంచు పొడవునా సమానంగా తగిలితే ఉలిని తిప్పి, వీపును రాయికి ఆనించి రెండు మూడుసార్లు రుద్దాలి. ఆ గరుకు రాలిపోయాక ఉలి కర్ర అడ్డుకోతను కూడా వెన్నలా తీస్తుంది. మొదటిసారి అలా తెగినప్పుడు ఉల్లిపొర లాంటి చెక్కపొట్టు చేతిలో పడింది, టేకు వాసన షెడ్డంతా వ్యాపించింది. నేను దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకువెళ్లాను.

చేయవలసిన వస్తువు 18 అంగుళాల ఎత్తున్న నాలుగుకాళ్ల పీట. కాలు ఒకటిన్నర అంగుళం, అంటే పన్నెండు సూతులు (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). కాలికి మధ్య మూడో వంతు, నాలుగు సూతుల వెడల్పు బెజ్జం. కాళ్లను కలిపే అడ్డపట్టె మందం ఆరు సూతులు, రెండు వైపులా సూతు చొప్పున తీసేస్తే బెజ్జంలో దిగే నాలుక, అంటే కుసి, నాలుగు సూతుల మందాన మిగులుతుంది. చెప్పడానికి ఇంతే, చేయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. అందరం చేసిన తప్పు ఒకటే, గీత మీదనే రంపం నడపడం. రంపం తన మందం మేర కర్రను తింటుంది కనుక కుసి వదులైపోతుంది. "అయ్యా, గీతను మిగల్చండి. పారేసే వైపు కోయండి," అని మేస్త్రి గారు ఎన్నిసార్లు అన్నారో. బెజ్జంలో కుసి చేతి ఒత్తిడికి మెల్లగా దిగాలి. సుత్తితో కొట్టి దింపితే కాలు చీలుతుంది, దానంతట అది జారిపోతే జిగురు కూడా కాపాడదు.

కుసిని బిగించడానికి ఆయన మేకు వాడనివ్వలేదు. కాలికి బెజ్జం గుండా ఒక రంధ్రం వేసి, కుసిలో రంధ్రాన్ని మాత్రం అర సూతు లోపలికి, పట్టె వైపుకు జరిపి వేయించారు. వెదురు చీల కొడితే రెండు రంధ్రాలూ ఒకే వరుసకు రావాలని పట్టెను కాలి దగ్గరకు లాగుతుంది. సందు మూసుకుపోవడం కళ్ల ముందే కనిపిస్తుంది. మా తొమ్మిది మందిలో అది చూసి చప్పట్లు కొట్టని వారు లేరు.

దాచకూడని సంగతులు రెండు ఉన్నాయి. ఆగస్టులో ఒక సోదరి ఎడమ చేత్తో కర్రను పట్టుకుని ఉలిని అదే చేతి వైపు నెట్టడంతో వేలు తెగి రెండు కుట్లు పడ్డాయి. కర్రను బిగించకుండా ఉలి పట్టరాదన్న నియమం అప్పుడే పెట్టాం, ముందే పెట్టవలసింది. ఆమె రెండు వారాలకే తిరిగి వచ్చి పీట పూర్తి చేశారు. రెండోది నా పీట సంగతి. మేస్త్రి గారు రాని ఒక ఆదివారం, వానల్లో, పై చెక్కను నాలుగు పట్టెలకూ జిగురు పెట్టి, మేకులు కొట్టి బిగించాను. ఫాల్గుణంలో ఎండ ముదిరాక ఒక మధ్యాహ్నం టప్పుమని శబ్దం వచ్చింది. పై చెక్క నిలువునా చీలింది. కర్ర పొడవులో దాదాపు మారదు, అడ్డంగా మాత్రం వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కదలనివ్వకపోతే పగులుతుంది. పట్టె లోపల గాడి తీసి, చిన్న చెక్క బిళ్లలతో పై చెక్కను పట్టి ఉంచాలి. మన ప్రాంతపు ఎండకు, వానకు మధ్య ఎంత తేడా ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. రెండో జట్టుకు ఈ పాఠం నా పీటను చూపించే మొదలుపెట్టమని కోరాను.

కర్ర విషయం. ఒక్కో పీటకు కోతలో పోయేది కలుపుకుని ఘనపుటడుగులో మూడో వంతు టేకు పట్టింది. రసీదు, రవాణా పాసు ఉన్న కర్ర తప్ప మరొకటి షెడ్డులోకి రానివ్వలేదు. తక్కువ ధరకు తెస్తామన్నవారికి వద్దని చెప్పాం. ఈ నియమాన్ని కమిటీ మారినా కొనసాగించాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను.

ఇక గ్రంథాలయం అరలు. పాతవి ప్లైవుడ్‌వి, వెనుక నుంచి చెదలు పట్టాయి. జనవరిలో తరగతి ముగించిన వారిలో ఐదుగురు మిగిలిన టేకులో బయటి తెల్లచెక్క తీసేసి, చేవ, అంటే లోపలి గట్టి కర్ర, మాత్రమే వాడి రెండు అరలు చేశారు. మూల కొంచెం ఎడంగా ఉంది, ఒకచోట రంపపు గీత కనిపిస్తుంది. పుస్తకాలు పెట్టి రెండు నెలలైంది, వంగలేదు.

రెండో జట్టు ఈ జూలైలో మొదలవుతుంది. పది మందికే చోటు. మేస్త్రి గారికి గౌరవ వేతనం, కర్ర బిగించే పట్టుడు బల్లలు రెండు, షెడ్డుకు మంచి వెలుతురు కావాలి. వీటికి సభ ఆమోదం కోరుతున్నాను. మీ ఇళ్ల అటకల మీద తాతల నాటి ఉలులు, బాడిసలు, చిత్రికలు పడి ఉంటే, తుప్పు పట్టినా సరే, సంఘానికి ఇవ్వండి. పిడి విరిగిపోయినా పరవాలేదు. తుమ్మకర్రతో పిడి చేయడమే రెండో జట్టుకు మొదటి పని.

ఇట్లు
కార్యదర్శి