పాత సీసీ రోడ్డును కొత్త రోడ్డు అడుగున వేయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

1998లో ఇల్లు కట్టుకున్నప్పుడు వీధిలోంచి వరండాలోకి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. ఇప్పుడు రోడ్డు మీంచి గేట్లోకి ఒక మెట్టు దిగుతున్నాం. ఇల్లేమీ కుంగలేదు. సీసీ మీద సీసీ వేసుకుంటూ రోడ్డునే లేపేశారు. గట్టి వాన పడిందంటే వీధి నీళ్లన్నీ మా సంపులోకే.

అందుకని ఈసారి కాలనీవాళ్లమంతా పట్టుబట్టి, పాత రోడ్డు తవ్వాకే కొత్తది వేయాలన్నాం. తవ్వారు. లెవల్ దిగింది, సంతోషించాం. ఆ పెళ్లలన్నీ ఎక్కడికి వెళ్లాయో నాలుగో రోజు పొద్దున వాకింగ్‌కి వెళ్తే కనిపించింది. చెరువు కట్ట పక్కన కుప్పలు! మేం కోరిన పనికి చెరువు బలైంది.

వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన వాణ్ని, ఊరుకోబుద్ధి కాక లెక్క వేశాను. మా వీధి పొడవు 200 మీటర్లు, వెడల్పు 4, తవ్విన మందం ఆరంగుళాలు. అంటే 120 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు కాంక్రీటు 2.4 టన్నులు తూగుతుంది కాబట్టి మొత్తం 288 టన్నులు, టిప్పరుకు 16 టన్నులేసుకున్నా 18 లోడ్లు. అంత సరుకు అటు పారబోసి, అదే వారం ఇటు ఏదో గుట్టను పేల్చిన కంకర తెచ్చి దింపారు.

పారబోయడం తప్పని చెప్పే నిబంధనలు 2016 నుంచీ ఉన్నాయి. రోజుకు 20 టన్నులు గానీ, ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు గానీ దాటి కూల్చేవాళ్లు శిథిలాలను వేరు చేసి, ఏం చేస్తారో ముందే ప్లాన్ ఇవ్వాలని 2016 నాటి ఆ నిబంధనలు చెప్పాయి. 288 కదా, 300 దాటలేదని ఎవరైనా అంటారేమో! రోడ్డు పగలగొట్టే బ్రేకర్ మిషన్ రెండు రోజుల్లో తవ్వేసింది, 20 టన్నుల లెక్క మొదటి పూటకే దాటింది. సర్కారు కాంట్రాక్టుల్లో ఇలాంటి శిథిలాల నుంచి తీసిన సామగ్రిని 10-20 శాతం దాకా తప్పనిసరి చేయాలని కూడా ఆ 2016 నిబంధనల్లోనే ఉండేది.

హైదరాబాద్‌లో దీనికి ప్లాంట్లు లేవా అంటే, ఉన్నాయి. జీడిమెట్లలో 2020లో, ఫతుల్లాగూడలో 2021లో మొదలయ్యాయి, ఒక్కోటి రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో. పెళ్లలను దంచి, జల్లించి, కంకర, ఇసుక వేరు చేస్తారు, పేవర్ బ్లాకులు పోస్తారు. కానీ కొనే చెయ్యి ఉండాలి కదా. పని అంచనా కాగితంలో, అంటే ఎస్టిమేట్‌లో, ఐటమ్ రాసి ఉంటే తప్ప కాంట్రాక్టరు ఆ కంకర ముట్టడు. రాసి లేనిది వాడితే బిల్లు ఆగుతుందని అతని భయం, అందులో అతని తప్పూ లేదు.

పాత కంకరకు బలం ఉండదంటారు. కొంత నిజమే. రాయికి పాత సిమెంటు అంటుకుని ఉంటుంది, అది నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. ముందే తడిపి వాడకపోతే కలిపిన కాంక్రీటు బిర్రబిగుస్తుంది. అందుకే దాన్ని పై పొరలో వేయమని నేను అడగను. పైన టైర్లు తిరిగే కాంక్రీటుకు కొత్త కంకరే పోయండి. అడుగున వేసే బెడ్ సంగతి వేరు. కాంక్రీటు బలాన్ని ఎం10, ఎం15 లాంటి గ్రేడులతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ. ఎం15 కంటే తక్కువ గ్రేడు కాంక్రీటులో రీసైకిల్ కంకర నూటికి నూరు శాతం వాడొచ్చని కంకరకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 (2016) చెబుతోంది. ఎం10 బెడ్ దాని కిందికే వస్తుంది. రోడ్లలో శిథిలాల వాడకానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2017లోనే ప్రత్యేకంగా మార్గదర్శకాలు (ఐఆర్‌సీ 121) ఇచ్చింది. బెడ్ కింద గ్రావెల్ బదులు పరచడానికీ రీసైకిల్ కంకర పనికొస్తుంది.

ఇంకో మాట. ఇల్లు కూలిస్తే వచ్చే చెత్తలో ఇటుక, ప్లాస్టరు, కర్ర, జిప్సమ్ అన్నీ కలిసి ఉంటాయి, ఏరడమే పెద్ద పని. మన వీధుల సీసీ రోడ్లలో అవేవీ ఉండవు, సాధారణంగా ఇనుము కూడా వేయరు. ఇంత శుభ్రమైన సరుకు కూల్చివేతల్లో మరోటి దొరకదు. ప్లాంటు లేని జిల్లా పట్టణాల్లో కూడా చుట్టుపక్కల కంకర క్రషర్లు ఉంటాయి, రాయిని దంచే మిషన్ ఈ పెళ్లలనూ దంచుతుంది. మట్టి అంటకుండా ఎత్తి పంపితే చాలు.

2016 నిబంధనల స్థానంలో 2025లో వచ్చిన కొత్త నిబంధనలు 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణ వైశాల్యం ఉన్న ప్రాజెక్టుల మీద గట్టి బాధ్యత పెట్టాయి. మంచిదే. మా వీధిలాంటివి మళ్లీ లెక్కలోకి రాకుండా పోతాయేమోనని నా టెన్షన్.

మా వెనక వీధికి కూడా రోడ్డు మంజూరైందని విన్నాను. బ్రేకర్ రాకముందే ఆ ఎస్టిమేట్‌లో రెండు ఐటమ్‌లు చేర్చమని అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను: తవ్విన పెళ్లలను ప్లాంటుకు చేర్చి వే బ్రిడ్జి రసీదు చూపించాలి, బెడ్‌కు రీసైకిల్ కంకరే వాడాలి. రసీదు లేకపోతే తవ్వకం బిల్లు ఆపండి.

– ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, హైదరాబాద్